గింజ ఒకరిది, రుచి మరొకరిది

పరిటాల, కంచికచర్ల, నందిగామ వైపు ఊళ్ళలో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లలున్న ఇళ్ళు తక్కువేమీ కావు. సెలవులకు వచ్చేవాళ్ళ సూట్‌కేసులో చాక్లెట్ల కవరు ఉండి తీరాల్సిందే. పంచిపెట్టాక వినిపించే మాటలూ దాదాపు ఒకటే. స్విట్జర్లాండ్‌ది నోట్లో పెట్టగానే కరిగిపోయిందంటారు. అమెరికాది ఏదో పులిసిన వాసనేస్తోందంటారు. మన కొట్లో దొరికేదే నయమని ఇంట్లో పెద్దావిడ తేల్చేస్తుంది. వచ్చినవాళ్ళేమో, అక్కడ వీధికో కాఫీషాపున్నా, ఇంట్లో దించిన డికాషన్ కాఫీ కోసం ఎదురుచూస్తుంటారు. ఇందులో ఒక చిక్కుంది. ఐవరీకోస్ట్, ఘానా రెండే కలిసి ప్రపంచపు కోకోలో సగానికి పైగా పండిస్తాయి. స్విస్, బ్రిటిష్, అమెరికన్ చాక్లెట్లలో పడే గింజ చాలావరకు ఆ పశ్చిమాఫ్రికా నుంచి వచ్చిందే. స్విట్జర్లాండ్ చలికి కోకో చెట్టు బతకదు. కాఫీకి పేరుమోసిన ఇటలీలోనూ, టర్కీలోనూ పండించి అమ్మేంత కాఫీ లేదు. ఒకే దిక్కు నుంచి వచ్చిన గింజ దేశానికో రుచిగా ఎలా మారింది? చెట్టే లేనిచోట సంప్రదాయం ఎలా పుట్టింది?

పరదేశం వెళ్ళి “ఇక్కడి రుచి” అని మనం మురిసిపోయే దాంట్లో పెద్ద వాటా కోత తర్వాతి పనిది. ఎన్నాళ్ళు పులియబెట్టారు, ఎలా ఆరబెట్టారు, ఎంతసేపు వేయించారు, ఏ మరలో నూరారు, ఏ నీళ్ళలో ఏ పాలతో కలిపారు అన్నవే రుచిని తేలుస్తాయి. చెట్టు, నేల, ఎత్తు ఒక హద్దు గీస్తాయి. ఆ హద్దు లోపల ఏం జరగాలో మనుషులూ సూక్ష్మజీవులూ నిర్ణయిస్తారు. ఈ మాట రైతు కష్టాన్ని తక్కువ చేసేదిగా కొందరికి తోచవచ్చు. గోదావరి జిల్లాల కోకో, అరకు కాఫీ కథలు చూస్తే అందుకు విరుద్ధమే కనిపిస్తుంది.

చెట్టు లేకున్నా కాఫీ ఊళ్ళే

అరాబికా కాఫీ పుట్టిల్లు ఇథియోపియా కొండలు. ఈనాటికీ అక్కడ అతిథి ఎదుటే పచ్చి గింజలు పెనం మీద వేయించి, దంచి, జెబెనా అనే మట్టికూజాలో కాచి, మూడు విడతలుగా పోస్తారు. వేయించిన గింజలోని సువాసనలు గాలికి నిలవవు. పొడి చేశాక మరీ త్వరగా ఎగిరిపోతాయి. వేయించడానికీ తాగడానికీ మధ్య ఎడం లేకపోవడమే ఆ కాఫీ గొప్పతనానికి సగం కారణం. అదే గింజ యెమెన్ మీదుగా టర్కీ చేరేసరికి పని మారింది. అక్కడ మెత్తటి పొడిగా విసిరి, వడకట్టకుండా కాచి, మడ్డి కప్పు అడుక్కి దిగాక తాగుతారు. యునెస్కో 2013లో టర్కీ కాఫీ సంస్కృతిని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఆ దేశానికి కాఫీ తోటలు లేకపోవడం ఎవరికీ అడ్డంకిగా తోచలేదు. ఇటలీ వాళ్ళు మామూలు గాలి ఒత్తిడికి 9 రెట్ల ఒత్తిడితో వేడినీటిని పొడిలోంచి అరనిమిషంలో తోస్తారు. ఆ ఒత్తిడికి గింజలోని నూనె సన్నటి బిందువులుగా విడిపోయి నీళ్ళలో కలుస్తుంది, లోపల చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ పైన నురగ కడుతుంది. మనకు చిక్కదనంగా తెలిసేది ఆ నూనే.

వియత్నాం సంగతి ఇంకా స్పష్టం. అక్కడికి కాఫీని 19వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్ళు తెచ్చారు. ఎక్కువగా పండేది రొబస్టా. అందులో కెఫీన్ అరాబికాకు దాదాపు రెట్టింపు, చేదూ ఎక్కువే. ఉక్కపోత దేశంలో ఆ రోజుల్లో తాజా పాలు దొరికేవి కావు, డబ్బా పాలు దొరికేవి. ఆ చేదును అణచడానికి గింజను నల్లగా వేయించి, చిన్న ఫిల్టరులో బొట్టుబొట్టుగా దించి, తియ్యటి చిక్కటి డబ్బా పాల మీద పోశారు. పర్యాటకులు వెతుక్కుంటూ వెళ్ళి తాగే ఆ కాఫీలో ఏ అలవాటూ కారణం లేకుండా రాలేదు. తెలుగు కుటుంబాలు తోటల పనికి వలసపోయి స్థిరపడ్డ మలేసియాలో ఇంకో దారి తొక్కారు. గింజ వేగుతుండగానే చక్కెర, వెన్నలాంటి కొవ్వు కలుపుతారు. చక్కెర మాడి గింజకు నల్లటి పూతగా అంటుకుంటుంది. ఆ పొడిని గుడ్డసంచిలో వేసి వడగడితే వచ్చే ‘కోపీ’కి మాడిన చక్కెర పరిమళమే ప్రాణం.

ఇంత దూరం వెళ్ళకుండా, పరిటాల నుంచి కృష్ణ దాటితే చాలు, దుగ్గిరాల వస్తుంది. పసుపు మార్కెట్‌కు పేరుపడ్డ ఊరు. అక్కడ కాఫీ చెట్టన్నది లేదు. అయినా 1990ల నుంచీ సీసీఎల్ ప్రొడక్ట్స్ కర్మాగారంలో ఇన్‌స్టంట్ కాఫీ తయారై ఎన్నో దేశాలకు ఎగుమతి అవుతోంది. అందులో చాలాభాగం అక్కడి కంపెనీల సొంత పేర్లతోనే అమ్ముడవుతుంది. వేయించిన గింజల నుంచి చిక్కటి కషాయం తీస్తారు. దాన్ని వేడిగాలిలోకి తుంపరగా చిమ్మి పొడి చేయడం ఒక పద్ధతి. గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో మంచును నీరు కానివ్వకుండా నేరుగా ఆవిరిగా లాగేయడం ఇంకొకటి. రెండో దాంట్లో అంత వేడి తగలదు కాబట్టి వాసన ఎక్కువ నిలుస్తుంది, ఖర్చూ ఎక్కువే. కషాయం ఒకటే అయినా ఆరబెట్టిన తీరును బట్టి సీసాలో సరుకు వేరవుతుంది. విదేశంలో ఎక్కడో సూపర్‌మార్కెట్లో ఏదో పేరున్న సీసా కొని “ఇక్కడి కాఫీ” అనుకునే తెలుగు విద్యార్థి తాగుతున్నది దుగ్గిరాల సరుకు అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

చాక్లెట్ వాసన పుట్టేది చెక్కపెట్టెలో

కాఫీలో వేయించడం ఎంత ముఖ్యమో, కోకోలో పులియబెట్టడం అంతకన్నా ముఖ్యం. దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల వైపు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో ఈ చెట్లు పెరుగుతాయి. కాయ కాండానికే అంటుకుని కాస్తుంది. పగలగొడితే 30 నుంచి 45 గింజలు, వాటి చుట్టూ తెల్లటి జిగురు గుజ్జు కనిపిస్తాయి. గుజ్జు తియ్యగా, కాస్త పుల్లగా బాగుంటుంది. గింజను కొరికితే మాత్రం నాలుక ముడుచుకుపోతుంది. లోపల ఊదారంగు, భరించలేని ఒగరు, చేదు. చాక్లెట్ వాసన ఛాయకైనా ఉండదు. ఆ పచ్చిగింజను కడిగి, ఎండబెట్టి, ఎంత జాగ్రత్తగా వేయించినా ఆ వాసన రాదు. వేయించినప్పుడు ఏవి కలిసి చాక్లెట్ పరిమళం అవుతాయో ఆ సరంజామా పచ్చిగింజలో తగినంత లేదు. అది తయారయ్యేది చెక్కపెట్టెలో గడిపే ఐదారు రోజుల్లో.

దీన్ని మన ఇడ్లీపిండితో పోల్చి చూస్తే సగం బోధపడుతుంది. రుబ్బిన పిండిలో మనం తోడు ఏమీ వేయం. పప్పు మీదా, గిన్నె మీదా ఉన్న సూక్ష్మజీవులే పని మొదలెడతాయి. ఎండాకాలంలో త్వరగా పొంగుతుంది, చలికాలంలో తెల్లారినా పొంగదు, ఇంటింటికీ పులుపు వేరు. కోకో పెట్టెలోనూ తోడు వేసేవాళ్ళు ఉండరు. కోసిన కత్తి, ఒలిచిన చేతులు, పాత చెక్క, వాలిన ఈగలు ఇవే ఈస్టునూ బాక్టీరియానూ మోసుకొస్తాయి. పోలిక ఇక్కడితో ఆపాలి. పిండిలో సూక్ష్మజీవులు మనం తినే పదార్థంలోనే పనిచేస్తాయి. కోకోలో అవి గింజ లోపలికి పోవు. బయటి గుజ్జును మాత్రమే తింటాయి. ఆ తిండి వల్ల పుట్టిన వేడీ పులుపూ గింజ లోపలికి దిగి, అక్కడ గింజ తన మొలక కోసం దాచుకున్న సామగ్రిని తలకిందులు చేస్తాయి. సూక్ష్మజీవి బయట ఉండి లోపలి గింజను వండుతుందన్నమాట.

■ పెట్టెలో ఏ రోజు ఏమవుతుంది?

మొదటి రోజు పెట్టెలో గాలి ఆడదు, గుజ్జు నిండా చక్కెర. ఈస్ట్ ఆ చక్కెరను సారాగా మారుస్తుంది, గుజ్జు జిగురు విడిపోయి నీరై అడుగు రంధ్రాల్లోంచి కారిపోతుంది. ఆ పక్కనే లాక్టిక్ బాక్టీరియా పెరుగుతుంది. నీరు కారిన సందుల్లోకి గాలి చేరాక, పైగా ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి గింజలు తిరగబోశాక, అసిటిక్ బాక్టీరియా వంతు వస్తుంది. అది సారాను వెనిగర్ పులుపుగా మారుస్తూ విపరీతమైన వేడి పుట్టిస్తుంది. మంట లేకుండానే పెట్టె 45 నుంచి 50 డిగ్రీలకు వేడెక్కుతుంది. ఆ వేడికీ పులుపుకూ గింజలోని మొలక చచ్చిపోతుంది, లోపలి కణాల గోడలు తెగుతాయి. అప్పటిదాకా వేర్వేరు అరల్లో ఉన్న ఎంజైములూ ప్రోటీన్లూ ఒకదానికొకటి తగులుతాయి. ప్రోటీన్లు చిన్న ముక్కలవుతాయి, చక్కెర విడిపోతుంది, ఒగరు పదార్థాలు గాలి సోకి గోధుమరంగుకు తిరుగుతాయి. తర్వాత తేమ 7 శాతం దాకా తగ్గేలా ఎండబెడతారు. 120–140 డిగ్రీల దగ్గర వేయించినప్పుడు ఆ ప్రోటీను ముక్కలూ చక్కెరలూ కలిసి చాక్లెట్ వాసనగా మారతాయి.

ఇది సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఎండిన గింజలు గుప్పెడు తీసి కత్తితో నిలువునా చీల్చి చూస్తారు. పలక రంగులో, గట్టిగా ఉంటే అసలు పులియలేదు. నిండు ఊదాగా ఉంటే సగమే పులిసింది. గోధుమరంగులో, లోపల పగుళ్ళు విచ్చుకుని ఉంటే పని జరిగింది. ఒకే తోట, ఒకే చెట్టు, ఒకే రోజు కోసిన కాయలను రెండు వాటాలు చేసి ఒక వాటాను వెంటనే ఎండబెట్టి, రెండోదాన్ని పెట్టెలో ఉంచితే, చీల్చి చూసినప్పుడు రెండు వేర్వేరు పంటలేమో అనిపిస్తాయి. ఆ రెండు వాటాల మధ్య తేడాకు నేల జవాబు చెప్పలేదు.

ఇక్కడ డబ్బు లెక్క కలిపి చూడాలి. కొనేవాడు పులిసినదానికీ పులియనిదానికీ కిలోకు ఒకే రేటు కడితే, రైతు ఆరు రోజులు పెట్టె కాపలా కాయడానికి కారణం లేదు. అందుకే గింజ నాణ్యత గురించిన ఫిర్యాదుల్లో చాలావాటిని నేల మీద కన్నా కొనుగోలు పద్ధతి మీద వేయడమే న్యాయమని నా అభిప్రాయం. ఏలూరు జిల్లా తడికలపూడిలో ‘డిస్టింక్ట్ ఆరిజిన్స్’ అనే పులియబెట్టే కేంద్రం నడుస్తోంది. చుట్టుపక్కల రైతుల గింజల్ని ఒక్కచోట, లెక్కప్రకారం పులియబెట్టి ఆరబెట్టడం దాని పని. ఆ గింజతో చాక్లెట్ చేసే ‘మనం’ సంస్థ 2023లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో దుకాణం తెరిచింది. మరుసటేడు టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగ్గ చోట్ల జాబితాలో దానికి చోటిచ్చింది. కోకో చెట్లు గోదావరి తోటల్లోకి వచ్చి అప్పటికి దశాబ్దాలైంది. ఆ మధ్యలో మారింది చెట్టుకన్నా పెట్టె.

ఎత్తూ, నేలా లెక్కలోకి రావా?

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. పనితనమే అంతా అయితే, అరకు కాఫీ అరకులోనే ఎందుకు పండాలి, నందిగామ పత్తి చేలలో ఎందుకు పండదు? నిజమే, పండదు. అరాబికాకు చల్లటి కొండగాలి కావాలి. ఎత్తు పెరిగేకొద్దీ రాత్రులు చల్లబడతాయి, పండు నెమ్మదిగా ముదురుతుంది, ఆ ఆలస్యంలో గింజ ఎక్కువ చక్కెరనూ ఆమ్లాలనూ కూడబెట్టుకుంటుంది. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాల తోటలు దాదాపు 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తులో, సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల పక్కన ఉంటాయి. 2019లో అరకు అరాబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. విత్తనం పాత్ర కూడా కొట్టేయలేనిది. రొబస్టాను ఎంత ముద్దుగా చూసుకున్నా అరాబికా కాదు.

అయితే కాలక్రమం చూడండి. ఆంధ్ర తూర్పు కనుమల్లో కాఫీ మొదలైంది 1898లో, పాములేరు లోయలో. 1960ల్లో అటవీశాఖ, ఆ తర్వాత కాఫీ బోర్డు, గిరిజన సంస్థలు పూనుకుని విస్తరించాయి. అంటే ఆ కొండ, ఆ ఎత్తు, ఆ చల్లదనం వందేళ్ళకు పైగా అక్కడే ఉన్నాయి. అరకు పేరుతో ప్యారిస్‌లో దుకాణం తెరిచింది మాత్రం 2017లో. మధ్యలో ఏం మారింది? పచ్చికాయా పండుకాయా కలిపి కొమ్మంతా దూసే అలవాటు పోయి, ఎర్రగా పండినవే ఏరడం వచ్చింది. పండ్లను ఇంటి ముంగిట నేలమీద ఎవరికి వారు ఎండబోసుకోవడం బదులు, ఒక్కచోటికి చేర్చి అదేరోజు తోలు తీసి, జిగురు విడిపోయేదాకా ఊరబెట్టి, కడిగి, ఎత్తు బల్లల మీద ఆరబెట్టే ఏర్పాటు వచ్చింది. నాంది ఫౌండేషన్ గిరిజన రైతులతో కలిసి చేసిన పనిలో ప్రధాన భాగం ఇదే. పచ్చికాయలో చక్కెర తక్కువ, ఒగరు ఎక్కువ. పది పండ్లలో రెండు పచ్చివి పడ్డా కప్పులో తెలిసిపోతుంది. నేలమీద కుప్పగా పడ్డ పండు ఒకవైపు ఎండి ఇంకోవైపు బూజు పడితే, ఎత్తు ఇచ్చిన చక్కెరంతా వృథా. కొండ ఇచ్చినదాన్ని పోగొట్టకుండా కప్పుదాకా తెచ్చింది కోత తర్వాతి జాగ్రత్త.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం పడమటి తీరంలో ఉంది. ఓడలకు తెరచాపలున్న కాలంలో మలబారు నుంచి యూరప్ చేరడానికి నెలలు పట్టేది. ఆ సముద్రపు తేమకు గింజలు ఉబ్బి, పాలిపోయి, పులుపు పోగొట్టుకునేవి. ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణం తగ్గాక తాజా గింజ అందితే, అలవాటుపడ్డవాళ్ళకు అది నచ్చలేదు. దాంతో ఇక్కడే, నైరుతి రుతుపవనాల గాలి తగిలేలా గోదాముల్లో గింజను పరిచి, వారాల తరబడి తిరగేస్తూ ఆ పాత రుచిని కావాలని తయారుచేశారు. దాన్నే మాన్సూన్డ్ మలబార్ అంటారు. కోత తర్వాత గాలి చేసిన పనికి కూడా భౌగోళిక గుర్తింపు దక్కిందంటే, గుర్తింపు ఇచ్చేవాళ్ళే నా వాదనను సగం ఒప్పుకున్నట్టు.

గేదెపాలు తేల్చిన కాఫీ

ఇప్పుడు మెట్ట కృష్ణాలోని కాఫీ దగ్గరికి వద్దాం. హైదరాబాద్–విజయవాడ హైవే మీద పరిటాల ఆంజనేయస్వామి విగ్రహం దాటి వెళ్ళే బస్సులు ఆగే హోటళ్ళలో, జగ్గయ్యపేట, నందిగామ ఇళ్ళలో తాగే కాఫీ ఎందుకంత నల్లటి పొడితో, చికోరీతో ఉంటుంది? తెలియక అలా చేస్తున్నారని కొత్త కాఫీ రుచులు నేర్చినవాళ్ళు పెదవి విరుస్తుంటారు. అసలు జవాబు గేదె దగ్గర ఉంది. ఆవుపాలలో కొవ్వు 4 శాతం అటూ ఇటూ ఉంటే, గేదెపాలలో 7 శాతం దాకా ఉంటుంది, ప్రోటీనూ ఎక్కువే. కాఫీలోని ఒగరు పదార్థాలను పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ పట్టేసుకుంటుంది. వాసననిచ్చే చాలా పదార్థాలు కొవ్వులో కరిగి అందులోనే ఉండిపోతాయి. ప్యారిస్‌లో పాలు లేకుండా తాగడానికి లేతగా వేయించిన అరకు కాఫీని మరిగిన గేదెపాలలో పోస్తే, దాని పండ్ల పరిమళం ఎక్కడ పోయిందో తెలియదు. లేత వేపుడులో ఆమ్లాలు ఎక్కువ కాబట్టి ఒక్కోసారి పాలు విరుగుతాయి కూడా. అంత కొవ్వును చీల్చుకుని నాలుకకు చేరాలంటే ముదురుగా వేగిన చేదు కావాలి, పాలు పలచబడకుండా కొద్ది నీళ్ళలో ఎక్కువ సారం కావాలి. ఫిల్టరు చేసేది సరిగ్గా అదే. పై గిన్నెలో అదిమిన పొడిలోంచి వేడినీళ్ళు తమ బరువుతోనే మెల్లగా దిగుతాయి కాబట్టి నాలుగు చెంచాల డికాషన్ గ్లాసు పాలకు సరిపోతుంది. నీళ్ళ వంతూ ఉంది. బోరు నీళ్ళలో బైకార్బొనేట్లు ఎక్కువుంటే అవి కాఫీలోని పులుపును చంపేస్తాయి. అలాంటి నీళ్ళకు పులుపు మీద ఆధారపడని ముదురు వేపుడే నప్పుతుంది.

■ చికోరీ ఎందుకు?

చికోరీ ఒక దుంపవేరు. అందులో ఇన్యులిన్ అనే పిండిపదార్థం ఉంటుంది. వేయిస్తే అది తియ్యటి చక్కెరలుగా విడిపోయి, మాడి, ముదురు గోధుమరంగు, కాలిన బెల్లం ఛాయ ఉన్న చేదు ఇస్తుంది. కెఫీన్ ఉండదు. నీళ్ళలో కాఫీ కన్నా ఎక్కువగా కరుగుతుంది కనుక డికాషన్ చిక్కబడుతుంది. నెపోలియన్ కాలంలో యూరప్‌కు సముద్ర వ్యాపారం తెగి కాఫీ కరువైనప్పుడు అక్కడ దీని వాడకం బాగా పెరిగింది. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఇప్పటికీ చికోరీ కాఫీ పాలతో తాగుతారు. మన దేశంలో చట్టం ప్రకారం కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంతెంత ఉందో ప్యాకెట్ మీద వేయాలి.

చికోరీ కల్తీయే కదా అంటే, చెప్పకుండా కలిపితే కల్తీయే, అందులో సందేహం లేదు. ప్యాకెట్ మీద వేసి కలిపినది మాత్రం గేదెపాలకు తగ్గ వంట. వియత్నాంలో డబ్బా పాలను, మలేసియాలో మాడిన చక్కెరను సంప్రదాయమని ఫొటోలు తీసుకుని, మన చికోరీని మాత్రం తక్కువరకం అనడంలో న్యాయం లేదు. అదే తూకంతో అమెరికా చాక్లెట్ పులుపునూ చూడాలి. హెర్షీ బార్ 1900లో వచ్చింది. పాల కొవ్వును కొంతవరకు విడగొట్టి వాడటం వల్ల బ్యుటిరిక్ ఆమ్లం పుట్టి ఆ పులిసిన ఛాయ వస్తుందని ఆహార రసాయన నిపుణులు చెబుతారు. బ్రిటిష్ పద్ధతిలో పాలు, చక్కెర, కోకో ముద్ద కలిపి ఉడికించి ఆరబెడతారు, అందుకే అందులో కోవా ఛాయ ఉంటుంది. ఆ పద్ధతిలో చేసిన చాక్లెట్‌తో పెరిగిన మన నాలుకకు మిగతావి తేడాగా తగులుతాయి. స్విస్ మెత్తదనం రోడోల్ఫ్ లింట్ 1879లో కనిపెట్టిన యంత్రం చలవ. గంటల తరబడి కలియదిప్పితే గరుకు పోతుంది, మిగిలిన వెనిగర్ పులుపు ఆవిరైపోతుంది.

అయితే ఎవరైనా కాపీ కొట్టొచ్చా?

రుచి పనితనంలోనే ఉంటే, ఆ పనితనాన్ని ఎక్కడైనా నేర్చుకోవచ్చు కదా, ఇక స్థానికం అనే మాటకు విలువేముంది అన్నది మిగిలిన అభ్యంతరం. 2025లో నేచర్ మైక్రోబయాలజీ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఈ అభ్యంతరానికి బలమే ఇచ్చింది. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, సహచరులు కొలంబియాలోని మూడు ప్రాంతాల్లో కోకో పులిసే పెట్టెల వేడినీ పులుపునూ సూక్ష్మజీవులనూ కొలిచారు. ఒక ప్రాంతం గింజ రుచి మిగతా రెంటికన్నా తేడాగా వచ్చింది. ఆ తేడాకు పులియడంలోని తేడాయే కారణంగా తేలింది. తర్వాత ఏరిన కొద్ది సూక్ష్మజీవులతో ప్రయోగశాలలో పులియబెట్టి మేలురకం చాక్లెట్ లక్షణాలను తిరిగి రప్పించగలిగారు. అంటే కాపీ సాధ్యమే. పెరుక్కి తోడు వేసినంత ఖాయంగా కోకోకు తోడు వేసే రోజు దూరంలో లేదు.

అయినా స్థానికత చెరిగిపోదు, ఎందుకంటే పద్ధతి కదిలినంత సులువుగా దాని కారణాలు కదలవు. గేదెపాలు, బోరునీళ్ళు, ఎండ, చేతిలో ఉన్న డబ్బు, తెల్లవారుజామున పొలానికో డ్యూటీకో వెళ్ళాల్సిన తొందర ఇవన్నీ కలిసి ఒక పద్ధతిని ఎంచుతాయి. ఆ ఎంపికే సంప్రదాయం. విదేశం వెళ్ళినవాళ్ళు గింజ ఏ దేశానిదో రాసిన చీటీ చదవడం మాని, వేయించింది ఎవరు, ఎంత నల్లగా, ఏం కలిపారు, ఏ పాలు, ఎందుకు అని అడిగితే ఆ ఊరి సంగతి తొందరగా తెలుస్తుంది. చాలాచోట్ల ఆ జవాబు పేరున్న కాఫీషాపులో కాక, పొద్దున్నే పనివాళ్ళు నిలబడి తాగే బండి దగ్గర దొరుకుతుంది.

ఎండకు తగిన చాక్లెట్

ఈ లెక్కన మన మెట్ట ప్రాంతపు చాక్లెట్ ఎలా ఉండాలి? బార్ రూపంలో మాత్రం ఉండకూడదనిపిస్తుంది. కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. మెరుపుతో, టప్పున విరిగే బార్‌కు అయిదో రకమే కావాలి. అది దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో నందిగామ, జగ్గయ్యపేటల్లో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. పగలు కరిగి రాత్రి మళ్ళీ గట్టిపడ్డ చాక్లెట్‌లో వెన్న తనకు తోచిన స్ఫటికాలు కడుతుంది, కొంత పైకి తేలి తెల్లటి పొరగా కనిపిస్తుంది. అది బూజు కాదు, తింటే ప్రమాదమూ లేదు. విరుపూ మెరుపూ మాత్రం పోతాయి. బార్ 1847లో ఇంగ్లండ్‌లో పుట్టి స్విట్జర్లాండ్‌లో మెత్తబడింది, రెండూ చలిదేశాలే. కోకో సొంత నేలల్లోనూ, వేడి దేశాల్లోనూ చాక్లెట్ పానీయంగానే నిలిచింది. మెక్సికోలోని ఓహాకాలో వేయించిన గింజను దాల్చినచెక్క, చక్కెరతో నూరి బిళ్ళలు చేస్తారు. వాటిని వేడినీళ్ళలో వేసి, అరచేతుల మధ్య తిప్పే చెక్క కవ్వంతో నురగ వచ్చేలా చిలుకుతారు. స్పెయిన్ ఓడల్లో అక్కడినుంచి ఫిలిప్పీన్స్ చేరిన కోకో అక్కడా ‘తబ్లెయా’ బిళ్ళలుగా, వేడి పానీయంగానే స్థిరపడింది. కరిగి తాగాల్సినదానికి ఎండతో పేచీ లేదు.

మనకు ఇంకో వెసులుబాటు ఉంది. బార్‌లో బెల్లం వేయడం కష్టం. బెల్లంలోని తేమకు కోకో ముద్ద బిగుసుకుపోతుంది, చక్కెర రేణువులు తడిసి ఒకదానికొకటి అంటుకోవడమే కారణం. ఎలాగూ పాలలో కలిపే పానీయానికి ఆ ఇబ్బంది లేదు. నూరడానికి యంత్రం వెతకనక్కర్లేదు. 2000 దశకంలో అమెరికాలో గింజ నుంచి బార్ దాకా సొంతంగా చేయడం మొదలెట్టిన చిన్న తయారీదారులు చాలామంది కోయంబత్తూరు వెట్ గ్రైండర్లే తెప్పించుకున్నారు. రాతి దిమ్మెలు గంటల తరబడి తిరిగి కోకోను మెత్తటి ద్రవంగా చేస్తాయి. గేదెపాలు, బెల్లం, గ్రైండరు, కవ్వం మెట్ట ఊళ్ళలో కొత్తగా తెచ్చుకోవాల్సినవి కావు. పులిసిన మంచి గింజ ఒక పూట ప్రయాణం దూరంలో, ఏలూరు జిల్లాలో ఉంది. కాఫీ గింజ కళ్ళముందే వేయించి పొడి కొట్టి ఇచ్చినట్టు, కోకో గింజ వేయించి పొట్టు తీసి పావుకిలో అరకిలో లెక్కన తూచి ఇచ్చే కొట్టు ఇంకా కనపడదు.